పిల్లలు పట్టేంత సందు

మా ఊరి హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా ఉన్నన్నాళ్లూ నేను ఆటస్థలంలో కంటే రోడ్డు మీదే ఎక్కువగా విజిలు ఊదాను. అది నేను చదువుకున్న బడే. ప్రత్తిపాడు దాటాక గుంటూరు రోడ్డు మీద మా ఊరు. రోడ్డుకి పడమటి పక్కన బడి. నేను ఆరో తరగతిలో చేరినప్పుడు ఆ రోడ్డు కంకర తేలి ఉండేది. పొద్దున పూట పత్తి బోరాలు వేసుకున్న ఎడ్లబండ్లు బారులుగా పోతుంటే, బడికి పోయే మేం వెనక నుంచి బండి పట్టుకుని వేళ్లాడేవాళ్లం. బండి బరువెక్కిందని ఎడ్లకి తెలిసేది, ఎడ్ల నడక చూసి బండాయనకి తెలిసేది. "ఒరేయ్, దిగుతారా, ముల్లుగర్రతో దింపమంటారా!" అని ఆయన అరిచేసరికి బడి వచ్చేసేది. మేం దిగాల్సిన చోటే దిగేవాళ్లం. బడి ముందు పెద్ద ఖాళీ స్థలం ఉండేది. రోడ్డు నుంచి క్లాసు గదికి నడిచేలోపు రెండు ఆటలు ఆడుకోవచ్చు.

నేను మాస్టారినై అదే బడికి వచ్చేసరికి బండ్లు పోయి ట్రాక్టర్లు, లారీలు వచ్చాయి. కంకర రోడ్డు తారు రోడ్డయింది. బడి కూడా పెరిగింది. ముందు పైఅంతస్తు వేశారు. తర్వాత కొత్త గదులు కట్టడానికి చోటు చాలక, రోడ్డు వైపున్న ఆ ఖాళీ స్థలంలోనే కట్టారు. దాంతో గేటు జరిగి జరిగి తారు అంచుకి వచ్చింది. గేటు దాటి ఒక్క అడుగు వేస్తే రోడ్డు మీద ఉన్నట్టే.

అదొక్కటే అయితే ఏదో సర్దుకునేవాళ్లం. ఆ మరుసటి ఏడు, బడి వెనక కాలనీలో ఉండే చిన్నబడి నుంచి మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని తెచ్చి మా హైస్కూల్లో కలిపారు. అంతవరకూ ఆ పిల్లలకి ఇంటి గుమ్మం దిగితే బడి. ఇప్పుడు వాళ్లు కాలనీ వీధి వెంట రోడ్డెక్కి, రోడ్డు వారనే నడిచి, మా గేటుకి రావాలి. సరిగ్గా ఆ టైముకే పక్క ఊళ్ల పిల్లలని దించే ఆటోలు వచ్చేవి. పిల్లల్ని మోటారు సైకిళ్ల మీద తెచ్చే నాన్నలు వచ్చేవాళ్లు. సంక్రాంతి వెళ్లిందంటే గుంటూరు యార్డుకి మిరపకాయల ట్రాక్టర్లు మొదలు. ఆకాశమంత ఎత్తున టిక్కీలు పేర్చుకుని, ఆ గోతాల బరువుకి అటూ ఇటూ ఊగుతూ వచ్చేవి.

మా హెడ్మాస్టరు గారు ఒంగోలు మనిషి. భారీ విగ్రహం, మెత్తటి మాట. నన్ను పిలిచి, "మాస్టారూ, గేటు మీకు అప్పగించాను. మీ గొంతు పెద్దది, మీ దగ్గర విజిలుంది" అన్నారు.

ఖోఖోకి గీసినట్టు రోడ్డు వార సున్నంతో గీత గీశాను. గీతకి ఇవతల పిల్లలు, అవతల బండ్లు అన్నాను. పొద్దున గీసిన గీత సాయంత్రానికి టైర్లకి అంటుకుని గుంటూరు వెళ్లిపోయేది. చిన్నపిల్లల్ని ఇద్దరిద్దరుగా చేతులు పట్టించి నడిపించాను. వాళ్లు చేతులైతే పట్టుకునేవాళ్లు గానీ, దారిలో ఏ పత్తి లారీ నుంచో రాలి తుమ్మకొమ్మకి చిక్కిన దూదిపింజ కనబడితే జంటలు జంటలుగానే అటు పరిగెత్తేవాళ్లు. పెద్దవాళ్లతో ఇంకా కష్టం. ప్రతి నాన్నకీ తన పిల్లవాణ్ణి సరిగ్గా గేటు ముందే దించాలని పట్టుదల. ఒకాయన్ని కాస్త అవతల దించమంటే, "మావాడు అంత దూరం నడవలేడు మాస్టారూ" అన్నాడు.

"నిన్న లాంగ్ జంపులో వాడే ఫస్టండీ" అన్నాను.

"దూకుతాడండీ, నడవలేడు" అని దించేసి పోయాడు.

ఆ ఫిబ్రవరిలో ఒక పొద్దున జరిగింది చెప్పాలి. మొదటి గంట కొట్టేశారు. కాలనీ పిల్లల వరస గేటుకి దగ్గర పడింది. దక్షిణం నుంచి ఒక ట్రాక్టరు వస్తోంది. తోలేది నాతో పదో తరగతిదాకా ఒకే బెంచీలో కూర్చున్న నా స్నేహితుడే. వరసలో ఒక మూడో తరగతి పిల్ల చెప్పు కాలి నుంచి జారి రోడ్డు మీదే ఉండిపోయింది. నాలుగడుగులు పోయాక చూసుకుని, పక్క పిల్ల చెయ్యి వదిలించుకుని, చెప్పు కోసం వెనక్కి పరిగెత్తింది. నేను విజిలు ఊదాను. ఊదడం తప్ప చేతికందే దూరంలో లేను.

వాడు ఉన్న బలమంతా పెట్టి బ్రేకు తొక్కాడు. ట్రాక్టరు మూలుగుతూ ఆగింది గానీ వెనక ట్రక్కులోని పైవరస టిక్కీలు ఆగలేదు. ఒకదాని మీదుగా ఒకటి జారి రోడ్డు మీద పడ్డాయి. రెండో మూడో పగిలాయి. కళ్లు మూసి తెరిచేలోపు రోడ్డంతా ఎర్రగా అయిపోయింది. వెనక వచ్చే ఆటో ఆగలేక వాటి మీదుగా ఎక్కేసింది. ఘాటు లేచింది. పిల్లలు, నేను, ఆటోవాడు, గేటులో నిలబడ్డ హెడ్మాస్టరు గారు, అందరం దగ్గడమే. ప్రార్థనకి నిలబడ్డ బడి బడంతా తుమ్మింది.

ఆ పిల్ల ట్రాక్టరు ముందు చక్రానికి మూరెడు దూరంలో నిలబడి ఉంది. దెబ్బ తగల్లేదు. వాడు దిగాడు. దిగి రెండడుగులు వేసి, ఆ మిరపకాయల్లోనే కూలబడ్డాడు. ముందు నా మీద అరిచాడు.

"ఒరేయ్, విజిలు మెళ్లో వేసుకుని ఏం చూస్తున్నావురా? ఇంకొక్క బెత్తెడు పోతే నేను మనిషినయ్యేవాణ్ణా?"

వాడే మళ్లీ గొంతు తగ్గించి ఆ పిల్లని, "ఏమ్మా, దెబ్బ తగిలిందా?" అని అడిగాడు.

"నా చెప్పు" అంది ఆ పిల్ల దగ్గుతూ.

చెప్పు చక్రం కింద ఉంది. వాడు పాక్కుంటూ పోయి లాగి, కండువాతో తుడిచి, తనే ఆ పిల్ల కాలికి తొడిగాడు.

ఆ సాయంత్రం హెడ్మాస్టరు గారు నన్ను వెంటబెట్టుకుని బడి వెనక గోడ దగ్గరికి వెళ్లారు. గోడ అవతల మిరపకాయలు ఆరబోసే కల్లం. కల్లం అవతల కాలనీ ఇళ్లు. మధ్యలో ఇంకేం లేదు.

"ఈ గోడలో చిన్న దారి పెట్టి, కల్లం అంచు వెంట ఇంత నడక ఇస్తే చిన్నపిల్లలు అసలు రోడ్డెక్కే పనే లేదు. ఈ కల్లం ఎవరిది?" అన్నారు.

ఎవరిదో చెప్పడానికి నాకు కాస్త జంకే అయింది. ఆమెని ఊరి వరసలో నేను అత్తా అని పిలుస్తాను. డెబ్బై దాటిన మనిషి. పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడే భర్త పోతే, ఆ చేలన్నీ తనే చేయించి, ముగ్గురు పిల్లల్ని పెంచి పెళ్లిళ్లు చేసింది. మగవాళ్లతో సమానంగా యార్డుకి వెళ్లి, కాయ చూపించి, గొంతెత్తి మాట్లాడి వచ్చేది. మా చిన్నప్పుడు మా బంతి ఆ కల్లంలో పడిందంటే పడినట్టే. మిరపకాయలున్న రోజుల్లో అడగడానికి వెళ్లేంత మగవాడు మా తరగతిలో లేడు.

మేం వెళ్లేసరికి ఆమె పరదాపట్టా మీద కూర్చుని కూలివాళ్లతో పాటు రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. హెడ్మాస్టరు గారు నమస్కారం పెట్టి, సంగతంతా మర్యాదగా చెప్పారు. ఆమె చేతిలో పని ఆపకుండానే వింది.

"ఇవాళ పిల్లలకని ఇస్తాను. రేపు మోటారు బళ్లొస్తాయి. ఎల్లుండి పంచాయితీ వాళ్లొచ్చి నా కల్లం నడిమిన సిమెంటు రోడ్డు పోస్తారు. కుదరదయ్యా."

"అలా జరక్కుండా కాగితం రాసిస్తామమ్మా" అన్నారు హెడ్మాస్టరు గారు.

"కాగితం మీద రాసినదానికంటే కాళ్లతో తొక్కింది గట్టిది మాస్టారూ. ఒకసారి దారి పడితే ఇంక దాన్ని మూసిన వాణ్ణి నా జన్మలో చూళ్లేదు."

ఆమె మాటలో తప్పు లేదు. మాకు అటు రాజధాని వస్తుందన్న తుళ్లూరు దాకా భూముల కబుర్లే. ఎక్కడ దారి పడితే అక్కడ ప్లాట్లు లేస్తున్న రోజులు. మేం లేచి వచ్చేశాం.

మర్నాడు ఈ మాట నా స్నేహితుడికి చెబితే, "పద, నేనూ వస్తా" అన్నాడు. ఆమె ముందు వాడు దారి మాటే ఎత్తలేదు. గట్టు మీద కూర్చుని, నిన్న పొద్దున తన ట్రాక్టరు ముందు ఏం జరిగిందో చెప్పాడు. "రాత్రి అన్నం తినలేకపోయానత్తా. కంచంలో చెయ్యి పెడితే ఆ చెప్పే కనబడింది" అన్నాడు.

"ఎవరి పిల్లరా?" అంది ఆమె.

వాడు నా వైపు చూశాడు. నేను కల్లం అవతలి వైపు చూశాను. ఆ పిల్ల అమ్మమ్మ అక్కడే కాయలు ఏరుతోంది. ముసుగు మూతికి అడ్డం కట్టుకుని తల వంచుకుని ఉంది. నిన్న జరిగింది ఆవిడ ఎవరితోనూ అన్నట్టు లేదు.

అత్తకి అర్థమైంది. "ఏమే, నాతో చెప్పకపోయావా?" అంది.

"పిల్ల బాగానే ఉంది గదమ్మా. పని చెడుద్దని చెప్పలేదు" అంది ఆవిడ.

అత్త బడి గోడ వైపు చూసింది. అప్పుడు నేనే అన్నాను. "అత్తా, మనుషులకి తప్ప బండికి పట్టని దారి అయితే? రెండు రాళ్లు పాతి, మధ్యలో సన్నటి సందు విడుద్దాం. మోటారు సైకిలు హ్యాండిలు దూరదు. పిల్లలు దూరతారు."

ఆమె ఆలోచించింది. "గేదె కూడా పట్టకూడదు" అంది.

"పట్టదు."

"గోడ పక్కనే నడవాలి. కాయ ఒక్కటి తొక్కినా సందుకి అడ్డంగా ముళ్లకంప కొడతా. మాస్టారివని కూడా చూడను."

రాళ్లు నా స్నేహితుడే తెచ్చాడు. వాళ్ల బావమరిది చేలో కంచెకి పాతాక మిగిలిన నాపరాళ్లు, మనిషి నడుమెత్తువి. గోడలో ఒక పక్క పడగొట్టి, ఆ రెండు రాళ్లూ పాతే రోజు ఆమె దగ్గరుండి కొలత పెట్టించింది. కొలత అంటే టేపు కాదు. సంచీ వేసుకున్న పదో తరగతి పిల్లాణ్ణి పిలిపించి మధ్యలో నిలబెట్టింది. "చాలు, ఇంతకంటే వద్దు" అంది.

పాతాక హెడ్మాస్టరు గారు ముచ్చటపడి, "ప్రారంభోత్సవం నేనే చేస్తాను" అని సందులో అడుగు పెట్టారు. సగం దూరాక పొట్ట పట్టలేదు. ముందుకి పోలేరు, వెనక్కి రాలేరు. నేనిటు, నా స్నేహితుడటు పట్టుకుని మెల్లగా బయటికి తీశాం. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నా ఎరుకలో ఆమె అంతలా నవ్వడం అదే మొదలు. హెడ్మాస్టరు గారు చొక్కా దులుపుకుంటూ, "నేను పట్టలేదంటే ఇంక గేదెల సంగతి బెంగ లేదమ్మా" అన్నారు. దాంతో కూలివాళ్లు కూడా పడీ పడీ నవ్వారు.

ఆ మర్నాటి నుంచి చిన్నపిల్లలు కల్లం వార నుంచి రావడం మొదలుపెట్టారు. ఆమె కర్ర పట్టుకుని సందు దగ్గర నిలబడేది. "తొక్కకండిరా, కాళ్లిరగ్గొడతా!" అని అరిచేది. మొదటి వారం పిల్లలు ఊపిరి బిగబట్టి గోడకి ఆనుకుని నడిచారు. తర్వాత భయం పోయింది. ఒకడు పందెం కట్టి ఎండుమిరపకాయ కొరికి గోలపెట్టి ఏడిస్తే, ఆమె తిట్టుకుంటూనే ఇంట్లోంచి బెల్లం ముక్క తెచ్చి వాడి నోట్లో పెట్టింది. ఆ కబురు పాకి మర్నాడు నలుగురైదుగురు మిరపకాయ కొరికామని ఏడుస్తూ వచ్చారు. "నాలికలు చూపించండిరా దొంగల్లారా" అని అందరి నాలికలూ చూసి తరిమింది. పిల్లలందరికీ ఆమె మామ్మ అయిపోయింది.

చిన్నపిల్లలు తగ్గాక రోడ్డు పని నాకు తేలికైంది. తూర్పు వైపు ఇళ్ల నుంచి రోడ్డు దాటి వచ్చే పిల్లలు మాత్రం మిగిలారు. ఆటోలని అవతల మూతపడ్డ పత్తి మిల్లు ఆవరణలోకి తిప్పించాం. నా స్నేహితుడు ఎవరెవరితో ఏం చెప్పాడో నాకు తెలియదు. బడి గంట కొట్టే వేళకి ట్రాక్టర్లు మంచినీళ్ల ట్యాంకు దగ్గర ఆగడం మొదలైంది. మొదట వాడొక్కడే ఆపేవాడు. తర్వాత వాడి వెనక వచ్చేవాళ్లు ఆపారు. కొన్నాళ్లకి అదొక అలవాటైపోయింది. అక్కడొక టీ బండి కూడా వెలిసింది.

నా ఉద్యోగం మొత్తంలో నాకు ఇష్టమైన వేళ అది. చలికాలం ఎండ ఏటవాలుగా పడుతుండేది. ట్యాంకు దగ్గర ట్రాక్టర్లు వరసగా ఆగి ఉండేవి. గాలి అటు నుంచి వీస్తే మిరపకాయల వాసన, దాని వెనకే అల్లం టీ వాసన. నేను రోడ్డు మధ్యకి వెళ్లి రెండు చేతులూ చాపి విజిలు ఊదేవాణ్ణి. ఆడపిల్లలు రిబ్బన్లు సరిచేసుకుంటూ, మగపిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ దాటేవాళ్లు. వరస అయిపోయాక నా స్నేహితుడు టీ గ్లాసు ఎత్తి, "ఏరా, ఇంక మమ్మల్ని పోనిస్తావా, మాకూ డ్రిల్లు చేయిస్తావా?" అని కేక వేసేవాడు. అందరూ నవ్వుతూ ఇంజన్లు వేసుకునేవాళ్లు. ఆ చప్పుడు సద్దుమణిగేసరికి లోపల ప్రార్థన మొదలయ్యేది.

ఆ తర్వాత ఒక ఏడు మిరపకి నల్లతామర పురుగు వచ్చింది. పూత పూతలోనే మాడింది. కొన్న మందులన్నీ కొట్టినా లాభం లేక చాలామంది చేలు దున్నేశారు. ఫిబ్రవరి వచ్చినా ఊళ్లో కల్లాలు ఎర్రబడలేదు. అత్త కల్లం కూడా ఊడ్చిన నేలలా ఉండిపోయింది. ట్రాక్టర్లు లేవు. విజిలు ఊదే పని లేక నేను గేటు దగ్గర ఊరికే నిలబడేవాణ్ణి. నా స్నేహితుడు ట్రాక్టరు తీయకపోయినా ఆ టైముకి వచ్చి టీ తాగి పోయేవాడు.

కల్లం ఖాళీగా ఉన్నా పిల్లలు అలవాటు కొద్దీ గోడ వారనే ఒకరి వెనక ఒకరు నడిచేవాళ్లు. ఒక సాయంత్రం నేను వాళ్లని దాటించడానికి సందు దగ్గరున్నాను. ఆమె మడిచిపెట్టిన పరదాపట్టాల మీద కూర్చుని చూస్తోంది. ఉన్నట్టుండి, "ఏమర్రా, మీ కళ్లకి నా కల్లంలో కాయలు కనపడుతున్నాయా? నడిమిన పోండి" అంది.

పిల్లలు నా వైపు చూశారు. నేను తలూపాను. మొదట ఒకడు గోడ వదిలి అడుగు బయటపెట్టాడు. తర్వాత అందరూ ఒక్కసారిగా విరగబడ్డారు. ఆ కల్లం మధ్యలో పరిగెత్తడం వాళ్లకి పండగే అయింది. మర్నాటి నుంచి సాయంత్రం గంట కొట్టగానే అక్కడే కబడ్డీ. గీతలు నేనే గీశాను. రాయీ రప్పా లేని నేల, పడ్డా దెబ్బ తగలదు.

ఆమె కూర్చుని చూసేది. "అబ్బాయ్, ఇప్పుడు ఎవరు గెలిచినట్టు?" అని అడిగేది. చెబితే, "మరి పట్టుకున్నవాళ్లు గెలవాలి గానీ, తప్పించుకుపోయిన వాడు గెలవడమేంటి?" అనేది. ఒకరోజు ఆట చూస్తూ చూస్తూ, నా వైపు తిరక్కుండానే, "నేను కాపరానికి వచ్చింది మొదలు పంట రోజుల్లో ఈ కల్లం ఖాళీగా ఉండగా చూళ్లేదు రా. పొద్దున లేచి తలుపు తియ్యాలంటే కాళ్లు రావట్లేదు. వీళ్లొచ్చి గోల చేస్తున్నారు గనక సరిపోయింది" అంది.

నేను విజిలు ఊది, అవుటు కాని పిల్లాణ్ణి అవుటన్నాను. వాడు నాతో పోట్లాటకి వచ్చాడు. ఆమె వాడి తరఫున నన్ను తిట్టింది.

మరుసటి ఏడు పంట నిలబడింది. మొదటి కోత కాయ కల్లంలో పోసిన రోజు పొద్దున్నే ఆమె గొంతు మా స్టాఫు రూములోకి వినిపించింది. "గోడ పక్కన! గోడ పక్కన నడవండి! కాళ్లిరగ్గొడతా!" హెడ్మాస్టరు గారు రాస్తున్న కలం ఆపి నా వైపు చూసి, "వచ్చేసిందండీ మన మామ్మ" అన్నారు. ఇద్దరం కిటికీ దగ్గరికి వెళ్లి చూశాం. ఎర్రటి కాయల పక్క నుంచి పిల్లలు ఒకరి భుజం ఒకరు పట్టుకుని, రైలుబండిలా కూత పెడుతూ నడుస్తున్నారు. ఆట పోయిందని ఒక్కడి మొహంలోనూ దిగులు లేదు.

ఆ పైన నాకు ఒంగోలు బదిలీ అయింది. ఇక్కడి బడి మా ఊరి బడికి నాలుగింతలుంటుంది. బయట వెడల్పు రోడ్డు, మధ్యలో డివైడరు, తెల్ల చారలు, బడి వేళకి ఒక ట్రాఫిక్ కానిస్టేబులు. అంతా పద్ధతిగా జరిగిపోతుంది. నా అవసరం ఏమీ లేదు. అయినా గంట వేళకి వెళ్లి గేటు దగ్గర నిలబడతాను. కానిస్టేబులు కుర్రవాడు, "మీకెందుకండీ ఎండలో" అంటాడు.

ఈమధ్య ఒక పెళ్లికి మా ఊరు వెళ్లాను. రోడ్డు మీద బడికి రెండు వైపులా స్పీడు బ్రేకర్లు వేశారు. పసుపు బోర్డులు పెట్టారు. నా స్నేహితుడి ట్రాక్టరు ఇప్పుడు వాడి కొడుకు తోలుతున్నాడట. స్నేహితుడు పెళ్లి పందిట్లో నన్ను చూసి వాటేసుకుని, "రోడ్డు మీద నీ గొంతు లేక ఊరు బోసిపోయిందిరా" అన్నాడు. ఇద్దరం భోజనాలయ్యాక కల్లం వైపు నడిచాం.

రాళ్లు అలాగే ఉన్నాయి. పిల్లల సంచీలు, చేతులు రాసుకుని రాసుకుని లోపలి అంచులు నున్నగా మెరుస్తున్నాయి. ఆమె పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. చూపు బాగా తగ్గిందని వాడు ముందే చెప్పాడు. నేను దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

"ఎవరూ?" అంది.

"నేనే అత్తా, డ్రిల్లు మాస్టారిని."

చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకుని, కాసేపు అలాగే ఉంచుకుంది. "ఒంగోల్లో నీళ్లు పడలేదేంట్రా, చిక్కిపోయావు" అంది. పిల్లల సంగతి, ఉద్యోగం సంగతి అడిగింది. ఈ ఏడు కాయ ఎలా ఉందని నేనడిగాను. రంగు బాగుందని, రేటే అటూ ఇటూగా ఉందని చెప్పింది. ఇంకా ఏదో చెప్పబోతూ ఆగి, బడి వైపు చెవి పెట్టింది. నాకేమీ వినపడలేదు. ఆమె నా చెయ్యి వదిలేసి, కర్ర అందుకుని లేచింది.

"పక్కకి జరుగు అబ్బాయ్, సందుకి అడ్డంగా నిలబడ్డావు. పిల్లలొచ్చే వేళయింది."